మరుపు వచ్చినవారికీ కాయకం ఉంది

“అవ్వా, నువ్వు కూసో. అన్నీ మేం చేస్తం గదా.”

మనూరు మండలంలోనైనా, నారాయణఖేడ్ పట్టణంలోనైనా, మరుపు ముదిరిన పెద్దమనిషి ఉన్న ఇంట్లో తరచూ అనే మాట ఇది. పొయ్యి దగ్గరికి పోతే చెయ్యి కాల్చుకుంటుందని ఒకరు ఆపుతారు. బర్రెకు వేసిన మేతే మళ్ళీ మళ్ళీ వేస్తుందని ఇంకొకరు గంప అందుకుంటారు. అలా ఒక్కో పనీ చేతిలోంచి జారిపోతుంది. అంతా ప్రేమతో జరిగేదే. కానీ ఏడాది తిరిగేసరికి, జీవితమంతా ఇల్లూ పొలమూ నడిపిన మనిషికి మంచం, గోడ, గడప మిగులుతాయి. ఆ తర్వాత అడిగిందే అడగడం, కోడలి వెంట నీడలా తిరగడం, పొద్దుగూకే వేళ “మా ఇంటికి పోత” అంటూ వాకిలి దాటడం మొదలవుతాయి. ఇవన్నీ జబ్బు లక్షణాలేనని అందరూ అనుకుంటారు. కొంత నిజంగా జబ్బువల్లే. కొంత మాత్రం చేతులకు ఏ పనీ లేకపోవడం వల్ల.

ఈ మరుపు జబ్బు (డిమెన్షియా) ఉన్నవారికి పని ఇవ్వడం కాలక్షేపమా, చికిత్సా అని వైద్యులు చర్చిస్తారు. దానికి ముందు తేలవలసిన ప్రశ్న మరొకటి ఉంది. జ్ఞాపకం పోయిన మనిషిలో మనిషి ఎంత మిగిలినట్టు? ఈ ప్రశ్నకు ఇచ్చుకునే జవాబును బట్టే ఇంట్లోవాళ్ళ ప్రవర్తన ఉంటుంది. ఏమీ మిగల్లేదనుకుంటే తిండి పెట్టి, శుభ్రం చేసి, తలుపు వేస్తే బాధ్యత తీరిపోతుంది. మిగిలి ఉన్నాడనుకుంటే ఆ మనిషికి ఇంట్లో ఒక పాత్ర ఇవ్వవలసి వస్తుంది.

ఇంగ్లండుకు చెందిన తత్వవేత్త జాన్ లాక్ 1694లో తన గ్రంథం రెండో ముద్రణకు ఒక అధ్యాయం చేర్చాడు. నిన్నటి మనిషీ నేటి మనిషీ ఒక్కడేనని చెప్పడానికి చైతన్యపు కొనసాగింపే ఆధారమని, అది గతంలోకి ఎంత దూరం చేరితే అంతవరకే ఆ మనిషి ఉన్నట్టని అందులో వాదించాడు. పాశ్చాత్య ఆలోచన మీద ఆ వాదం ముద్ర చాలా లోతైనది. దాన్ని అక్షరాలా పాటిస్తే, మనవడి పేరు మరచిన తాత మెల్లమెల్లగా లేకుండా పోతున్నట్టే లెక్క.

మన న్యాయదర్శనం మరో దారి పట్టింది. ఆత్మ ఉందని దేన్ని బట్టి తెలుస్తుంది అన్న ప్రశ్నకు గౌతముడి న్యాయసూత్రాలు ఆరు గుర్తులు చెబుతాయి: ఇచ్ఛ, ద్వేషం, ప్రయత్నం, సుఖం, దుఃఖం, జ్ఞానం. స్మృతి ఆరో గుర్తులో ఒక భాగం మాత్రమే. ఈ జాబితా పట్టుకుని, మరుపు బాగా ముదిరిన ఒక అవ్వ దగ్గర కాసేపు కూర్చుంటే చాలు. నచ్చని కూర గిన్నెను ఆమె పక్కకు నెడుతుంది. బెల్లం ముక్క కోసం చెయ్యి చాపుతుంది. జారిన కొంగు సర్దుకోవడానికి తంటాలు పడుతుంది. చిన్నపిల్ల దగ్గరికొస్తే ముఖం విప్పారుతుంది. గట్టిగా కసిరితే కళ్ళు తడుస్తాయి. శాస్త్రం అడిగిన ఆనవాళ్ళలో మొదటి ఐదూ కళ్ళముందే ఉన్నాయి. పోయింది జ్ఞానంలో ఒక పాయ.

ఆ పాయ గురించి కూడా తార్కికులు నిదానంగా ఆలోచించారు. పండితులు తెలుగువాడిగా చెప్పే అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం నేటికీ తర్కం నేర్చుకునేవారికి తొలి పుస్తకం. అనుభవం సంస్కారాన్ని మిగులుస్తుందనీ, ఆ సంస్కారం నుంచి పుట్టే జ్ఞానమే స్మృతి అనీ ఆయన వివరించాడు. అంటే గుర్తుకు రావడం వేరు, లోపల ముద్ర ఉండటం వేరు. గుర్తుకు రానంత మాత్రాన ముద్రలన్నీ చెరిగిపోయాయని తేల్చడానికి వీల్లేదు.

నేటి నాడీశాస్త్రం వేరే భాషలో దీనికి దగ్గరి మాటే చెబుతోంది. అల్జీమర్స్ తొలి దశల్లో ఎక్కువగా దెబ్బతినేది హిప్పోకాంపస్, దాని చుట్టుపక్కల ప్రాంతం. కొత్త సంగతులు నిలబెట్టుకోవడం దాని పని. చేతులు నేర్చిన విద్యలు ప్రధానంగా మెదడులోని వేరే భాగాల మీద ఆధారపడతాయి. అందుకే పొద్దున ఏం తిన్నదో చెప్పలేని మనిషి జొన్నరొట్టెను చేత్తో కొట్టి గుండ్రంగా సాగదీయగలదు. పాటల సంగతీ అంతే. చిరకాలంగా తెలిసిన సంగీతానికి సంబంధించిన మెదడు భాగాలు అల్జీమర్స్‌లో ఆలస్యంగా దెబ్బతింటాయని జర్మనీలోని లైప్‌జిగ్ పరిశోధకులు 2015లో చూపించారు. మాటలు తడబడే మనిషి భజనలో పల్లవి అందుకోవడం వెనక కారణం ఇదే కావచ్చు.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది. స్మృతి చెదిరితే బుద్ధి నశిస్తుందని, బుద్ధి నశిస్తే మనిషి నశిస్తాడని భగవద్గీత రెండో అధ్యాయమే అంటోంది కదా అని. ఆ మాట వచ్చే వరుస చూడాలి. విషయాల మీద ధ్యాస నుంచి ఆసక్తి, దాని నుంచి కోరిక, కోరిక నుంచి కోపం, కోపం నుంచి మోహం, ఆ తర్వాతే స్మృతి చెదరడం. శాస్త్రం, గురువు చెప్పినదాన్ని అవసరానికి గుర్తుంచుకోలేకపోవడమే ఇక్కడి స్మృతిభ్రంశం అని శంకరాచార్యులు తన భాష్యంలో వివరించారు. కోపంలో వివేకం పోగొట్టుకునేవాడి పతనం అది. మెదడు కణాలు క్షీణించి మరుపు వచ్చినవారికి ఆ శ్లోకాన్ని అంటగట్టి, పాపఫలమనో కర్మ అనో అనడం గీతకూ అన్యాయమే, ఆ మనిషికీ అన్యాయమే.

ఇస్లాం ధర్మశాస్త్రంలో విధుల బాధ్యత బుద్ధి సరిగా ఉన్నవారికే. బుద్ధి కోల్పోయినవారి మీద నమాజు విధిగా ఉండదు. కానీ బాధ్యత తొలగితే తలుపు మూసుకున్నట్టు కాదు. వజూ చేసుకోవడం, చాప మీద వంగడం, తస్బీహ్ పూసలు వేళ్ళతో జరపడం ఒళ్ళు ఎరిగిన పనులు. తప్పులెంచకుండా పక్కన కూర్చోబెట్టుకుంటే మరుపు వచ్చిన పెద్దాయన రోజు అంతో ఇంతో కుదురుగా సాగుతుంది.

నారాయణఖేడ్ ప్రాంతానికి ఈ విషయంలో మరో పెద్ద ఆస్తి ఉంది. కర్ణాటక సరిహద్దుకు అవతల, బీదర్ జిల్లాలోని బసవకల్యాణ్ ఇక్కడికి మరీ దూరమేమీ కాదు. పన్నెండో శతాబ్దంలో బసవేశ్వరుడు, ఆయన తోటి శివభక్తులైన శరణులు కాయకం అన్న భావనకు ప్రాణం పోసింది అక్కడే. పాల్కురికి సోమనాథుడు పదమూడో శతాబ్దంలో బసవపురాణాన్ని తెలుగు ద్విపదలో రాశాడు. 2022 ఫిబ్రవరిలో నారాయణఖేడ్‌లో శంకుస్థాపన జరిగిన ఎత్తిపోతల పథకానికీ బసవేశ్వరుడి పేరే. లింగాయత కుటుంబాలు ఉన్న ఈ నేలకు కాయకం కొత్తగా చెప్పవలసిన సంగతి కాదు.

చేసే పనే పూజ అన్నది కాయకంలో అందరికీ తెలిసిన భాగం. మరుపు విషయంలో అక్కరకొచ్చేవి దానిలో ఇంకో రెండు ఉన్నాయి. మొదటిది, పని విలువ దాని పరిమాణంలో లేదన్నది. కల్యాణ నగరంలో రాలిన బియ్యం ఏరుకుని బతికిన మారయ్య, లక్కమ్మ దంపతుల కథ శరణుల సంప్రదాయంలో ప్రసిద్ధం. ఒకనాడు మారయ్య ఎప్పటికంటే ఎక్కువ బియ్యం తెస్తే, అవసరానికి మించింది తిరిగి అక్కడే పోసి రమ్మని లక్కమ్మ పంపించింది. ఎంత తెచ్చావన్నది ఆమె లెక్కలోకి రాలేదు. రెండోది దాసోహం. కాయకపు ఫలం పదిమందికీ చేరాలి. చేరనప్పుడు పని సగంలో ఆగినట్టే.

ఈ రెండింటినీ మరుపు వచ్చిన మనిషి ముందు పెట్టి చూస్తే చాలా చిక్కులు విడిపోతాయి.

ఒక ఇంటి వాకిలి తీసుకుందాం. కందులు బాగా పండే ప్రాంతం ఇది. అవ్వ ముందు బస్తా కుమ్మరించి “చెరుగు” అంటే ఆమె బెదిరిపోతుంది. సోలెడు పప్పు చాటలో పోసి ఒళ్ళో పెట్టాలి. కోడలు పక్కనే ఇంకో చాటతో కూర్చుని తను మొదలుపెట్టాలి. మాటతో చెబితే అందనిది చూస్తే అందుతుంది. కాసేపటికి అవ్వ బొటనవేళ్ళు చాట అంచును పట్టుకుంటాయి, మణికట్టు ఎగురుతుంది, పొట్టు ముందుకు జారుతుంది. ఏరిన రాళ్ళను ఆమె మళ్ళీ పప్పులోనే వేయవచ్చు. అప్పుడు చేతిమీద కొట్టకూడదు, “అట్ల కాదు” అనకూడదు. ఒక గిన్నె దగ్గరికి జరిపి, రాయి అందులో వేసి చూపిస్తే చాలు. పచ్చి పప్పో రాయో నోట్లో పెట్టుకునే దశ వస్తే ఆ పని మార్చేయాలి, పత్తి ఇచ్చి వత్తులు చేయించవచ్చు. పావుగంటకు విసుగొస్తే చాట తీసేయాలి.

ఇక్కడే దాసోహం మాట వస్తుంది. అవ్వ ఏరిన పప్పు ఆ పూట పొయ్యి మీదికి వెళ్ళాలి. ఇంకోసారి రాళ్ళు చూసుకోవడం ఏ వంటింట్లోనైనా చేసేదే, అందులో మోసం లేదు. కానీ ఆమె చేసింది చాటుగా పారబోసి, ఉత్తినే పని చేయించడం వేరు. మడతపెట్టిన చీరలే విప్పి మళ్ళీ మళ్ళీ మడతపెట్టమని ఇవ్వడం అలాంటిదే. మరుపు వచ్చినవారు పేర్లు మరుస్తారు గానీ, తమను ఆడిస్తున్నారా, తమ అవసరం ఉందా అన్నది చాలాకాలం పసిగడతారు. భోజనం వేళ “ఇయ్యాల పప్పు నువ్వు చెరిగిందే” అన్న ఒక్క మాట ఆమెను మళ్ళీ ఇంటి మనిషిని చేస్తుంది.

బ్రిటన్‌కు చెందిన టామ్ కిట్‌వుడ్ 1997లో వచ్చిన తన పుస్తకంలో, మనిషిని ఇలా పక్కన పెట్టేయడం గురించే రాశాడు. సదుద్దేశంతోనే చుట్టూ ఉన్నవాళ్ళు మనిషిని ఎలా తగ్గిస్తారో ఆయన ఒక జాబితా చేశాడు. చిన్నపిల్లలా చూడడం, అందుకోలేనంత వేగంగా మాట్లాడడం, ఎదురుగా ఉండగానే లేనట్టు మాట్లాడుకోవడం, చేయగలిగిన పని చేయనివ్వకపోవడం. “నువ్వు కూసో” అన్న మాట ఆ చివరి దాని కిందికి వస్తుంది.

ఇదంతా తాత్వికంగా బాగుందిగానీ పనిచేస్తుందా అన్న అనుమానం న్యాయమైనదే. లండన్‌లో ఎయిమీ స్పెక్టర్, ఆమె సహచరులు రూపొందించిన కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీలో ఏడు వారాలు, వారానికి రెండుసార్లు, ముప్పావు గంటసేపు కొద్దిమంది కలిసి కూర్చుంటారు. పాటలు, పాత సంగతులు, తిండి, డబ్బు లెక్కలు, వస్తువుల పేర్లు, ఆటలు ఉంటాయి. 201 మందితో చేసి 2003లో ప్రచురించిన పరీక్షలో ఆలోచనాశక్తి, జీవన నాణ్యత రెండూ మెరుగుపడ్డాయి. తర్వాత దాన్ని చెన్నైలోని స్కార్ఫ్ సంస్థ తమిళానికి అనువుగా మార్చింది. చదువు తక్కువగా ఉన్న టాంజానియా పల్లెల్లోనూ వాడారు. అమెరికాలో లారా గిట్లిన్ 2008లో అరవై కుటుంబాలతో చేసిన ప్రయత్నం ఇంటికి మరింత దగ్గరగా ఉంటుంది. ఒక్కో మనిషికి ఏది ఇష్టం, ఏది చేతనవుతుంది అని చూసి పనులు ఎంచి, ఇంట్లోవాళ్ళకు నేర్పారు. వెంట తిరగడం, అడిగిందే అడగడం తగ్గాయి. చూసుకునేవారికి రోజులో కాస్త సమయం మిగిలింది.

మన దేశంలో ఇంకా పనికొచ్చే ఉదాహరణ గోవాది. అమిత్ డయాస్, ఆయన బృందం రెండు తాలూకాల్లో 81 కుటుంబాలతో చేసిన అధ్యయనం 2008లో వెలువడింది. డాక్టర్లు కాని స్థానికులకు తర్ఫీదు ఇచ్చి, కనీసం పక్షానికొకసారి ఇళ్ళకు పంపారు. జబ్బు గురించి చెప్పడం, రోజువారీ పనులు ఎలా చేయించాలో చూపడం, వినడం వాళ్ళ పని. ఆరు నెలల తర్వాత చూసుకునేవారి మానసిక ఆరోగ్యం మెరుగుపడింది. పెద్ద నగరానికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మనూరు లాంటి చోట ఆశా కార్యకర్తలూ మహిళా సంఘాలూ ఉన్నాయి కాబట్టి, ఈ దారి ఇక్కడ కుదరనిదేమీ కాదు.

అవసరం కూడా చిన్నది కాదు. 2023లో వెలువడిన జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో అరవై దాటినవారిలో నూటికి 7.4 మందికి డిమెన్షియా ఉంది, మొత్తం దాదాపు 88 లక్షల మంది. నగరాలకంటే పల్లెల్లో, మగవారికంటే ఆడవారిలో, చదువుకున్నవారికంటే చదువులేనివారిలో ఎక్కువ. మనూరు లాంటి మండలాల్లోని ఎందరో అవ్వలు ఈ మూడు వర్ణనలకూ సరిపోతారు.

ఇక్కడి భాషలకూ ఈ విషయంలో చోటుంది. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ కలిసి వినిపించే సీమ ఇది. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే భాష మాట్లాడేవారికంటే రెండు భాషలు మాట్లాడేవారికి డిమెన్షియా సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా వచ్చినట్టు తేలింది. బడి ముఖం చూడనివారిలోనూ తేడా కనిపించింది. అయితే జబ్బు ముదిరాక ఇదే బహుభాషల వల్ల ఇంట్లో ఒక తికమక పుడుతుంది. బీదర్ వైపు నుంచి కోడలిగా వచ్చి యాభై ఏళ్ళు తెలుగు మాట్లాడిన అవ్వ ఉన్నట్టుండి కన్నడంలోకి జారిపోవచ్చు, ఆమె ఏమంటోందో మనవలకు తెలియకపోవచ్చు. ఆమెకిప్పుడు కావలసింది చిన్నప్పటి భాషలో ఒక పాట, ఆ భాష వచ్చిన పక్కింటి మనిషి ఓ గంట తోడు.

చూసుకునేవారి గురించి మన మతగ్రంథాలు తక్కువ మాట్లాడాయి. తల్లిని దేవతలా చూడమన్న తైత్తిరీయోపనిషత్తు ఉపదేశం చదువు ముగించిన శిష్యుడికి గురువు చెప్పింది. ఆచరణలో ఆ దేవతకు స్నానం చేయించేది, రాత్రి మూడుసార్లు లేచేది చాలా ఇళ్ళలో కోడలో, కూతురో, తనూ ముసలిదైన భార్యో. పితృఋణం కొడుకు పేరు మీద ఉంటుంది, దాన్ని తీర్చే చేతులు వేరేవారివి. పత్తి ఏరే రోజుల్లో కూలి పోగొట్టుకుని ఇంట్లో కూర్చునేదీ ఆమే. అలిసిపోయానని ఆమె అంటే సేవలో లోపమని నిందించడం అధర్మం. దాసోహం అంటే పంచుకోవడమే అయితే, ఈ భారమూ పంచుకోవలసిన వాటిలో ఉంది.

అందుకే పని ఇవ్వడం ఇద్దరికీ మేలు. చాట ముందు కూర్చున్న ఆ పావుగంట అవ్వకు గౌరవం. కోడలు ఆ కాసేపు కాపలాదారు అవతారం వదిలి, ఒకప్పుడు తనకు పప్పు చెరగడం నేర్పిన అత్త పక్కన మళ్ళీ కూర్చుంటుంది.

హద్దులూ చెప్పుకోవాలి. ఏ పనీ ఏ పాటా ఈ జబ్బును మాన్పదు. మరుపు కనిపించగానే ముందు డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ లోపం, బి12 లోపం, డిప్రెషన్ వంటివి కారణమైతే చికిత్సతో బాగుపడే అవకాశం ఉంది. ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా తికమక మొదలైతే ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళాలి. జబ్బు ముదిరిన కొద్దీ పనులూ చిన్నవవుతాయి. చాట పోయి వత్తులు, వత్తులు పోయి చేతిలో తువ్వాలు. మంచం పట్టినవారి నుంచి ఏ పనీ ఆశించకూడదు. కాయకాన్ని అక్కడికీ లాగి, పనిచేయలేనివారికి విలువ లేదనే అర్థం తీస్తే శరణుల మాట తలకిందులైనట్టే. అప్పుడు వారి వంతు కాయకాన్ని చుట్టూ ఉన్నవారు ఎత్తుకోవాలి.

ఊరుగా చేయగలిగినవి కళ్ళముందే ఉన్నాయి. మరాఠీ సంప్రదాయం కలిసిన ఈ ప్రాంతపు పల్లెల్లో హరినామ సప్తాహాలు జరుగుతాయి, గుళ్ళలో భజన మండళ్ళు ఉన్నాయి. భజనకు వచ్చే పెద్దల్లో మరుపు ఉన్నవారిని వెనక వరుసకు పంపకుండా చేతికి తాళాలిచ్చి ముందు కూర్చోబెట్టవచ్చు. లయ తప్పినా ఎవరూ ఆపకూడదని మండలి ముందే అనుకుంటే సరిపోతుంది. ఆ గంటసేపు ఇంట్లో చూసుకునేవారికి విడుపు. కార్తీకంలో గుడికి కావలసిన వత్తుల పని వాళ్ళకే అప్పగించవచ్చు. పెద్దల సమస్యలకు ఎల్డర్ లైన్ 14567, చూసుకునేవారి మనసు బరువుకు టెలి మానస్ 14416 నంబర్లను పంచాయతీ గోడ మీద రాయించవచ్చు.

మొదట చేయవలసింది ఇంకా చిన్నది, పెద్దలు ఆరోగ్యంగా ఉన్న ఇళ్ళు కూడా ఈ వారమే చేసుకోగలిగింది. ఒక నోటుపుస్తకం తీసి ఇంట్లో పెద్దవారిని అడిగి రాసుకోవడం. పెళ్ళికి ముందు ఏ ఊళ్ళో ఉండేది, చిన్నప్పుడు ఇంట్లో ఏ భాష, నాట్లప్పుడు పాడిన పాటలేవి, ఎవరి దగ్గర ఏ పని నేర్చింది, ఏ పని ఇష్టం, ఏది చచ్చినా గిట్టదు, ఏ దేవుడికి ఏ రోజు ఒక్కపొద్దు. రేపు ఆమెకు గుర్తులేని రోజు వస్తే, ఒళ్ళో చాట పెట్టాలా, చేతికి తాళాలివ్వాలా, కన్నడం వచ్చిన పక్కింటి పెద్దమ్మను పిలవాలా అన్నది కోడలికి ఆ పుస్తకంలో దొరుకుతుంది.